మట్టిలో ఫౌజు గుండీలు



మా పెద్దమందడి దిక్కున ఎవరైనా మెటల్ డిటెక్టర్ పట్టుకుని గుట్ట కింద కనిపిస్తే ఊరంతా ఒకటే అనుకుంటుంది, గుప్తనిధి కోసం వచ్చినవాడని. అలా అనుకోవడంలో జనం తప్పేమీ లేదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పాడుబడిన గుళ్లు ఎన్నో, కూలిన బురుజులు ఎన్నో. లంకెబిందెల ఆశతో రాత్రిపూట వచ్చేవాళ్లు, పసుపు కుంకుమలు చల్లి గడ్డపారలతో నంది కింద తవ్వేవాళ్లు, పొద్దున్నే పోయి చూస్తే పగిలిన పానవట్టం, పక్కన నిలువెత్తు గొయ్యి. ఇవి మన పత్రికల్లో తరచుగా చదివే వార్తలే. ఆ గోతుల్లో బంగారం దొరికిందో లేదో గానీ, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచిన రాయి మాత్రం ఒక్క రాత్రిలో ముక్కలైపోతుంది.

అదే యంత్రంతో ప్రపంచంలో చాలామంది వేరే వస్తువు కోసం వెతుకుతారు. గుండీల కోసం. అవును, అంగీకి పెట్టుకునే గుండీలే. కాకపోతే అవి సైనికుల కోట్లకు ఉండినవి. బ్రిటన్‌లో సెలవు రోజున రైతు దగ్గర అనుమతి తీసుకుని, దున్నిన చేలో యంత్రం ఊపుకుంటూ నడిచేవాళ్లకు తరచుగా తగిలేవి గుండీలే. కొందరు వాటిలోనూ పాత సైనిక దళాలవి మాత్రమే ఏరుకుని, ఏ దళానిది, ఏ ఏటిది అని తేల్చుకుంటూ ఏళ్లు గడుపుతారు. ఇవాళ ఆ గుండీల గురించి, అవి మన పాలమూరు మట్టిలో ఎందుకు ఉండే వీలుందో, ఉంటే మనం ఏం చెయ్యాలో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందుగా ఒక సంగతి. మన పాతకాలపు అంగరఖాకు లోహపు గుండీలు ఉండేవి కావు. గుడ్డతో కుట్టిన నాడాలు చంక కింద ముడి వేసుకునేవాళ్లు. కాకతీయుల నాటి సైనికుడైనా, బహమనీల నాటి రౌతైనా దళం సంఖ్య చెక్కిన ఇత్తడి గుండీ పెట్టుకుని యుద్ధానికి పోలేదు. కనుక మన నేలలో అలాంటిది దొరికిందంటే దాని వయసుకు ఒక పైహద్దు అప్పుడే తేలిపోతుంది. ఐరోపా పద్ధతిలో కుట్టిన కోటు దక్కనుకు వచ్చిన తర్వాతిది అది. అంటే దాదాపుగా 18వ శతాబ్దం నడుమ నుంచి ఇటువైపుది. పెంకు ముక్క దొరికితే ఏ కాలపుదో తేల్చడానికి పురావస్తువాళ్లు తలలు పట్టుకుంటారు. ఫౌజు గుండీ అంత బాధ పెట్టదు, తన పుట్టుపూర్వోత్తరాలు చాలావరకు తానే చెప్పేస్తుంది.

మరి అలాంటి కోట్లు వేసుకున్నవాళ్లు మన వైపు ఎప్పుడు నడిచారు?

పానగల్ కోటను తీసుకోండి. ఫిరోజ్‌షా బహమనీ విజయనగరం మీద పోరాడి ఓడిన చోటుగా అది చరిత్ర పుస్తకాల్లో ఉంది. దానికంటే తక్కువమందికి తెలిసిన ముచ్చట ఇంకొకటి ఉంది. మైసూరు టిప్పు సుల్తాన్ మీద మూడో యుద్ధం మొదలైనప్పుడు నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య ఒప్పందం కుదిరింది 1790 జూలై 4న, పానగల్‌లోనే. కంపెనీ తరఫున దాన్ని నడిపినవాడు జాన్ కెన్నవే. ఆ యుద్ధంలో నిజాం సైన్యంతో పాటు కంపెనీ మద్రాసు సిపాయిల బెటాలియన్లు కూడా కలిసి నడిచాయి. కృష్ణ దాటి రాయచూరు వైపు, కొప్పళ కోట ముట్టడి వైపు పోయిన సైన్యం అది. ఆ నడకలో ఏనుగులు, తోపులు, ఎద్దులబండ్లు, బియ్యం మోసే లంబాడీల బిడారాలు, సైన్యం వెంట వచ్చే బజారు అన్నీ ఉండేవి. అంతమంది దిగిన చోట దారం తెగి గుండీ రాలకుండా ఉంటుందా? సైనికుడు యుద్ధంలో పోగొట్టుకునే గుండీల కంటే బట్టలు ఉతుక్కునేటప్పుడు, వంట దగ్గర కూర్చున్నప్పుడు, గుడారం గుంజ నాటేటప్పుడు పోగొట్టుకునేవే ఎక్కువ. కనుక గుండీలు దొరికే చోటు చాలాసార్లు రణరంగం కాదు, మజిలీ. వాగు ఒడ్డు, చింతతోపు, చెరువు కట్ట కింది మెరక.

తర్వాత మన పొరుగున కర్నూలు. 1839 అక్టోబరులో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ మీదికి కంపెనీ మద్రాసు సైన్యం వచ్చింది. ఊరి పక్కన జోహరాపురం దగ్గర పోరు జరిగి నవాబు రాజ్యం పోయింది. తుంగభద్ర అవతలి ఒడ్డు సంగతే గానీ, అలంపురం వాళ్లకు అది పొరుగు ముచ్చటే.

ఇక మన సొంత కథ, వనపర్తి సంస్థానానిది. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఒక దళం పెట్టుకున్నారు. ఆ దళం తర్వాత నిజాం సైన్యంలోకి పోయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే పేరుతో హైదరాబాదులో నిజాం అంగరక్షకులైంది. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది కదా, ఆ పేరు వాళ్లదే. హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యాన్ని ఇప్పటికీ నిలబెట్టినవాళ్లలో ఆ కుటుంబాలవాళ్లే ముందుంటారు. హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసిన తర్వాత ఆ దళం రద్దయిపోయింది. బస్తీ మిగిలింది, మర్ఫా మిగిలింది. ఆ కథకు వనపర్తిలో మొదలుందని మాత్రం మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. వర్క్‌షాపులో ఇనుము చెక్కే పిల్లలు తిరిగే ఆ ఆవరణలో ఒకప్పుడు సిద్దీ రౌతులు గుర్రాలు కట్టేసి ఉంటారని తలుచుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో దళం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని గుండీలు చరిత్ర చదవడానికి మంచి పాఠం. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉండిన హెన్రీ రస్సెల్ 1813లో నిజాం ఖర్చుతో ఒక పటాలాన్ని తయారుచేశాడు. దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. అది పెరిగి హైదరాబాదు కంటింజెంట్ అయింది. జీతాలు నిజాంవి, అధికారం ఇంగ్లీషువాళ్లది. ఆ ఖర్చుల బాకీ పెరిగి పెరిగి 1853లో బేరారు జిల్లాలు నిజాం చేతిలోంచి జారిపోవడానికి దారి తీసింది. 1903లో కంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపి, పదాతి దళాలకు 94 నుంచి 99 దాకా సంఖ్యలిచ్చారు. 94, 95 సంఖ్యల దళాలకు రస్సెల్ పేరే ఉంచారు. 1922లో మళ్లీ సర్దుబాటు చేసి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నారు. 1945 అక్టోబరులో ఆ పేరూ మారింది. కొత్త పేరు కుమావూ రెజిమెంట్.

అవును, హిమాలయాల కుమావూ పేరు పెట్టుకున్న ఆ రెజిమెంటే. దాని వేళ్లు మన హైదరాబాదులో ఉన్నాయి. ఆ రెజిమెంట్ చిహ్నంలో శిలువ పట్టుకుని కనిపించే సగం సింహం రస్సెల్ వంశ చిహ్నంలోంచి వచ్చింది. స్వతంత్ర భారతంలో మొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో. 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బడ్గామ్‌లో ఆయన ప్రాణమిచ్చేనాటికి ఆ దళం పేరు కుమావూ.

ఇప్పుడు గుండీ సంగతికి వద్దాం. ఎక్కడైనా ఒక ఇత్తడి గుండీ మీద 19, కింద హైదరాబాద్ అని ఉందనుకోండి. అది 1922కు ముందుది కాదు, 1945 తర్వాత చేసిందీ కాదు. రెండే మాటలతో ఇరవై మూడేళ్ల గడువులోకి వచ్చేశాం. మీద 94 ఉండి, అది ఇండియన్ పదాతి దళానిదని తేలితే 1903 నుంచి 1922 దాకా. గుండీలు సేకరించేవాళ్లకు ఈ సంతోషం అర్థమవుతుంది. వేలిగోరంత ఇత్తడి ముక్క, దాని వెనక ఒక సామ్రాజ్యం తన సైన్యాన్ని ఎట్లా కలిపిందో, విడదీసిందో, పేరు మార్చిందో ఆ లెక్క మొత్తం.

ఈ సంఖ్యలు వేసే అలవాటు బ్రిటిష్ సైన్యంలో 1767 ఆజ్ఞతో వచ్చింది, ప్రతి దళమూ తన సంఖ్యను గుండీ మీద పెట్టుకోవాలని. కంపెనీ మద్రాసు పదాతి దళాలూ అదే దారి పట్టాయి. 1855 దాకా బ్రిటిష్ సైన్యంలో మామూలు సిపాయి గుండీలు తగరం ఎక్కువ పాలున్న సత్తువి. అధికారులవి బంగారు పూత పూసినవి లేదా వెండివి. 1855 తర్వాత సిపాయిలకు ఇత్తడి వచ్చింది. సత్తు గుండీ నేలలో బూడిద రంగుకు తిరిగి, పెళుసెక్కి, అంచులు తినేసి ఉంటుంది. అనుభవం లేనివాడు దాన్ని సీసపు ముక్క అనుకుని విసిరేస్తాడు. నా దృష్టిలో అన్నిటికంటే అరుదైనవి అవే. మెరిసేది దాచుకుంటాం, మెరవనిది పారేస్తాం. అందుకే సిపాయి గుండీ కంటే దొరగారి గుండీ ఎక్కువగా మిగిలింది.

సంఖ్య లేకపోతే కిరీటం చూడండి. విక్టోరియా రాణి కాలపు కిరీటంలో కమానులు నడుమ కాస్త నొక్కుకుపోయి ఉంటాయి. 1901 తర్వాత రాజుల కాలపు కిరీటంలో అవి గుండ్రంగా పైకి ఉబ్బి ఉంటాయి. 1950 జనవరి 26న మనం గణతంత్రమయ్యాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. రాజు తలలోని నగ చూసి ఏలుబడి చెప్పొచ్చన్నమాట. కంపెనీ కాలపు గుండీల్లో ముందు కాళ్లతో కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం కనిపించవచ్చు, అది ఈస్టిండియా కంపెనీ చిహ్నం.

తర్వాత గుండీని తిరగేయండి. కొత్తవాళ్లు ముఖం చూసి ఆగిపోతారు, తెలిసినవాళ్లు ముందు వెనకవైపు చూస్తారు. అక్కడ చేసినవాళ్ల పేరు, ఊరు, ఒక్కోసారి వీధి కూడా చిన్న అక్షరాల్లో అచ్చుకొట్టి ఉంటుంది. లండన్‌లో ఫర్మిన్, జెన్నెన్స్, బర్మింగ్‌హామ్‌లో జె.ఆర్.గాంట్ లాంటి కంపెనీలు. గాంట్ కంపెనీ 1884లో పుట్టింది, కనుక ఆ పేరున్న గుండీ అంతకు ముందుది కాజాలదు. కంపెనీ దుకాణం వీధి మారితే గుండీ మీది అడ్రసూ మారింది. సేకర్తలు ఆ అడ్రసుల వరుస తెలుసుకుని గుండీ తయారైన ఏడాదిని పట్టుకుంటారు. పాత గుండీ ఒకే బిళ్ల, వెనక తీగ కొక్కెం అతికించి ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో రెండు రేకులు కలిపి అంచు మడిచి నొక్కే పద్ధతి వచ్చింది. ముందు ఉబ్బుగా, లోపల డొల్లగా ఉంటే అది ఆ తర్వాతిది.

ఇక్కడొక జాగ్రత్త. పాత ఇత్తడి గుండీ కనిపించగానే ఫౌజుది అనుకోకూడదు. రైల్వే, పోలీసు, తపాలా, పెద్ద దొరల ఇళ్ల బంట్రోతులు, అందరివీ అచ్చు గుండీలే. మన వైపు రైలు వచ్చింది 1916లో, సికింద్రాబాదు నుంచి గద్వాల దాకా, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరుతో. మదనాపురం దగ్గరి వనపర్తి రోడ్ స్టేషన్ ఆ లైను మీదిదే. ఆ లైను పక్క పొలంలో దొరికిన గుండీ గార్డుబాబుది అయ్యుండవచ్చు. అదీ దాచుకోదగినదే, దాని కథ వేరు, అంతే.

ఇక యంత్రం సంగతి. దీని మొదటి పని నిధి వెతకడం కాదు, ప్రాణం కాపాడటం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఒక పరికరం తయారుచేశాడు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డొచ్చి అది పని చెయ్యలేదు, అధ్యక్షుడు బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జోసెఫ్ కొసాట్స్కీ అనే పోలిష్ అధికారి చేతపట్టుకుని నడిచే మందుపాతర డిటెక్టర్‌ను తయారుచేసి, పేటెంటు తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో అది ఎంతోమందిని బతికించింది.

పని చేసే తీరు ఇట్లా ఉంటుంది. యంత్రం కింద పళ్లెంలా కనిపించే దాంట్లో రాగి తీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలో విద్యుత్తు పారుతుంటే దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడి పుట్టి తన క్షేత్రాన్ని పైకి పంపుతుంది. రెండో చుట్ట దాన్ని పసిగడుతుంది, మన చెవిలో కూత వినిపిస్తుంది. ఇనుముకు ఒక తీరు కూత, ఇత్తడికీ రాగికీ ఇంకో తీరు. గుండీ అంతటి వస్తువును మామూలు యంత్రం జానెడు లోతు దాకానే పట్టగలదు. కనుక నిలువెత్తు గొయ్యి తవ్వేవాడి దగ్గరున్నది అసలు డిటెక్టరేనా, అమ్మినవాడు చేసిన మోసమా అని అనుమానించవచ్చు. పది మీటర్ల లోతున బంగారం చూపిస్తుందని చెప్పి లక్షలు గుంజే పెట్టెల్ని నమ్మి అప్పులపాలైనవాళ్లు ఉన్నారు. వింటున్న తమ్ముళ్లెవరైనా ఆ ఆలోచనలో ఉంటే దయచేసి మానుకోండి.

మన ఎర్ర చెల్కల్లో ఇంకో చిక్కుంది. ఆ ఎరుపు రంగే ఇనుము వల్ల వచ్చింది. యంత్రానికి నేల మొత్తం సణుగుతూ వినిపిస్తుంది. ఆ సణుగుడులోంచి గుండీ కూతను వేరు చెయ్యడానికి ఓపికా చెవీ రెండూ కావాలి. దానికి తోడు సోడా మూతలు, గుట్కా పొట్లాల రేకు, నాగలి చీలలు, తెగిన కంచె తీగ. పాత కాలం గుండీ కోసం పోతే ముందు మన కాలం చెత్త బయటికొస్తుంది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం. గుండీ విలువ ఇత్తడిలో లేదు, బంగారు పూతలోనూ లేదు. అది పడి ఉన్న చోటులో ఉంది. అమెరికాలో 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ అనే అధికారి తన దళంతో సహా లకోటా, షయాన్ యోధుల చేతిలో చనిపోయాడు. అసలు ఏం జరిగిందని వందేళ్లు వాదనలు నడిచాయి. 1983లో అక్కడ కార్చిచ్చు పుట్టి గడ్డి కాలిపోయింది. 1984, 85ల్లో పురావస్తు శాస్త్రవేత్తలు మెటల్ డిటెక్టర్ పట్టుకున్న స్వచ్ఛంద సేవకులను వరుసగా నడిపించారు. కూత వినిపించిన ప్రతిచోటా చిన్న జెండా పాతారు. వస్తువు తీసే ముందు దాని చోటు కొలిచి పటం మీద గుర్తు పెట్టారు. తూటా తొడుగులు, గుండీలు, నాడాల కొక్కేలు. ఒకే తుపాకీలోంచి వచ్చిన తొడుగులను పోల్చి, ఆ మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెత్తాడో తేల్చారు. వందేళ్ల కిందటి యుద్ధం కొండవాలు మీద మళ్లీ నడిచింది. అదే వస్తువులను ఒక్కొక్కరు ఒక్కొక్కటి జేబులో వేసుకుని పోయి ఉంటే ఆ కథ ఇప్పటికీ తెలిసేది కాదు.

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో 2001లో భవనం పనుల కోసం తవ్వుతుంటే వేలమంది మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఎవరు వీళ్లు? చనిపోయినవాళ్లు ఎవరో చెప్పినవి గుండీలు. వాటి మీద నెపోలియన్ సైన్య దళాల సంఖ్యలు. 1812 చలికాలంలో రష్యా నుంచి వెనక్కి వస్తూ ఆకలితో, చలితో, జ్వరాలతో రాలిపోయిన సైనికులు వాళ్లు. ఊరుపేరు లేని గుట్టలో పడి ఉన్న మనిషిని రెండు శతాబ్దాల తర్వాత తన దళానికి తిరిగి చేర్చింది ఒక గుండీ.

కనుక ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను: పానగల్ కోటలోనూ, ఖిల్లాఘనపురం గుట్ట మీదా, గద్వాల కోట చుట్టూ ఎవరూ సొంతంగా యంత్రం తిప్పకూడదు. ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. చట్టమూ ఆ మాటే అంటుంది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వస్తువేమిటి, ఎంత, ఎక్కడ, ఏ రోజు దొరికింది, ఇవన్నీ రాయాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు. సొంతదారులెవరూ తేలకపోతే దొరికినవాళ్లకు మూడు పాళ్లు, భూమి గలవాళ్లకు ఒక పాలు అని ఆ చట్టమే చెబుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే వస్తువు లోహపు విలువ మీద అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. గుండీ ఎవరో దాచింది కాదు కదా, జారిపోయింది కదా అని వాదించవచ్చు. ఆ వాదన వకీళ్లకు వదిలేసి, రాసివ్వడమే మేలని నేనంటాను. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువే. దాన్ని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చెయ్యకూడదు. రక్షిత కట్టడాల హద్దుల్లో అనుమతి లేకుండా తవ్వడమైతే నేరుగా నేరమే. మనమొక్కరమే కాదు, ఫ్రాన్సులో కూడా ప్రాచీన వస్తువుల కోసం అనుమతి లేకుండా డిటెక్టర్ తిప్పకూడదు. మన దక్కన్ హార్స్ అనే గుర్రపు దళం రౌతులు 1916 జూలై 14న ఈటెలు పట్టి దూసుకుపోయిన సోమ్ యుద్ధభూమి ఆ దేశంలోనే ఉంది. అక్కడైతే ఇంకో భయం కూడా, కూత పెట్టేది పేలని గుండు కావచ్చు.

అయితే గుండీల మీద మనసు పడ్డవాళ్లు ఏం చెయ్యాలి? వెతకడానికి నేలే కానక్కర్లేదు. నా దగ్గరున్న గుండీల్లో ఎక్కువ భాగం యంత్రం కూతతో వచ్చినవి కావు. అటక మీది ట్రంకు పెట్టెలోంచి, ముసలి టైలరు దగ్గరి రేకు డబ్బాలోంచి, పాత సామాన్లు కొనేవాళ్ల తక్కెడలోంచి వచ్చినవి. తక్కెడలో గుండీ ధర ఇత్తడి ధరే. ఒక్కరోజు ఆలస్యమైతే అది కరిగి కొళాయి అవుతుంది. పశ్చిమగోదావరిలో మాధవరం అనే ఊరుంది, తాడేపల్లిగూడెం దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటా సైనికులున్న ఊరది. అలాంటి ఊళ్లలో తాతల కోట్లు చెదలు పట్టిపోయినా గుండీలు మిగిలి ఉంటాయి. మన పాలమూరులోనూ ఫౌజు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లున్నాయి. అక్కడ గుండీతో పాటు మనిషి పేరు దొరుకుతుంది, ఫొటో దొరుకుతుంది, ఆ ఇంటి పెద్దమ్మ నోటి నుంచి కథ దొరుకుతుంది. నేలలో దొరికే గుండీకి దళమే తప్ప మనిషి ఉండడు. అడిగేటప్పుడు మర్యాదగా అడగండి. ఇమ్మని ఒత్తిడి చెయ్యకండి. రెండు వైపులా ఫొటో తీసుకుని, పేరు రాసుకుని, గుండీ వాళ్లింట్లోనే ఉంచి వచ్చినా మీ సేకరణకు లోటేమీ రాదు.

పొలం దున్నుతుంటే మీ కాళ్ల దగ్గరే తేలితే? ముందు ఆ చోటు గుర్తు పెట్టుకోండి. సెల్‌ఫోన్లో ఫొటో తియ్యండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, కొలత తెలుస్తుంది. ఏ సర్వే నంబరు, గట్టుకు ఎన్ని అడుగులు, ఎంత లోతు, చుట్టుపక్కల పెంకులో బూడిదో ఇటుకలో ఉన్నాయా, అది పాత పాటిగడ్డా అన్నది అదే రోజు కాగితం మీద పెట్టండి. మర్నాటికి సగం మరిచిపోతాం.

ఇంకో మాట, ఇది అమ్మలకు ముఖ్యంగా. చింతపండుతో తోమకండి. ఇత్తడి చెంబు తళతళలాడాలని మనకు ఇష్టం. కానీ పాత గుండీ మీది బంగారు పూత వెంట్రుక కంటే పలచన, పులుపు తగిలిందంటే చిలుముతో పాటు పూతా పోతుంది, వెనకవైపు అక్షరాలు అరిగిపోతాయి. బ్రాసో కూడా వద్దు. మెత్తటి బ్రష్‌తో పొడి మట్టి దులిపి, మరీ అవసరమైతే శుద్ధి చేసిన నీళ్లలో కడిగి, వెంటనే బాగా ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వాటిలో కొన్ని రకాలు ఆమ్లం వదిలి లోహాన్ని తినేస్తాయి. ఆకుపచ్చ పొడిలాంటిది రాలుతూ ఉంటే ఆ గుండీని మిగతావాటికి దూరంగా, తడి తగలని చోట ఉంచి తెలిసినవాళ్లకు చూపించండి.

చూపించడానికి చోట్లున్నాయి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం, మనకు దగ్గరగా మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో మ్యూజియం. కలెక్టరుకు రాసే ఉత్తరం తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. మన కాలేజీల చరిత్ర శాఖలు, పురావస్తు శాఖ కలిసి అనుమతితో పానగల్ కింది మైదానాన్ని ఒక్కసారి వరుస కట్టి నడిస్తే ఎంత బాగుంటుంది! జెండాలు పాతుకుంటూ, కొలుచుకుంటూ, లిటిల్ బిగ్‌హార్న్‌లో చేసినట్టే. యంత్రం తిప్పడం తెలిసిన మన ఊళ్ల కుర్రాళ్లకు పగటిపూట, అందరి ముందర, జీతం తీసుకుని చేసే పని దొరుకుతుంది.

నాకు మరీ ఆశగా ఉన్నది మాత్రం వనపర్తి సిద్దీ దళం వస్తువులు చూడాలని. ఏసీ గార్డ్స్ బస్తీలోనో, వనపర్తి పాత బజారులోనో ఈ ప్రసంగం వింటున్న కుటుంబంలో తాతగారి యూనిఫాం గుండీ, బెల్టు బిళ్ల, టోపీ గుర్తు ఏదైనా ఉంటే దయచేసి తోమకుండా, అమ్మకుండా దాచండి. దానితో పాటు తాతగారి పేరు, ఆయన ఏ ఏడాది ఫౌజులో చేరారు, ఏ పని చేశారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి, అదే డబ్బాలో పెట్టండి.